డాట్ పరీక్షకు మూడు వారాల ముందు: ఆకారాల విభాగంలో మారేదెంత, మారనిదెంత

అమెరికాలో దంతవైద్య కళాశాలల ప్రవేశానికి రాసే డెంటల్ అడ్మిషన్ టెస్ట్‌లో, అంటే అందరూ ‘డాట్’ అని పిలిచే పరీక్షలో, ఒక విభాగానికి పాఠ్యపుస్తకమంటూ లేదు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో విద్యార్థికి తెలుసు; ఎన్ని అధ్యాయాలు పూర్తయ్యాయో, ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోవచ్చు. పర్సెప్చువల్ ఎబిలిటీ టెస్ట్‌కు, విద్యార్థుల మాటల్లో ‘పాట్’కు, ఆ సౌకర్యం లేదు. అందులో కనిపించేవన్నీ బొమ్మలే. 60 నిమిషాల్లో 90 ప్రశ్నలు, ఆరు రకాలుగా, రకానికి 15 చొప్పున వస్తాయి. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 40 సెకన్లు.

భారతదేశంలో బీడీఎస్ సీటు నీట్ ద్వారానే వస్తుంది. అందులో అడిగేది భౌతిక, రసాయన, జీవశాస్త్రాలే. అందుకే అమెరికాలోని తెలుగు ఇళ్ళలో పిల్లలు ఈ పరీక్షకు సిద్ధమవుతున్నప్పుడు, తల్లిదండ్రులు తమ చదువుల అనుభవంతో సలహా ఇవ్వలేకపోయే భాగం ఇదొక్కటే. ‘ఇది పుట్టుకతో రావాలి’ అన్న నమ్మకం కొందరిది, ‘చివర్లో చూసుకోవచ్చులే’ అన్న ధీమా మరికొందరిది. రెండు దారులూ ఒకచోటికే చేరుతాయి: పరీక్షకు మూడు నాలుగు వారాలే మిగిలి ఉండగా ఆకారాల ప్రశ్నలు మొదటిసారి గట్టిగా ఎదురవుతాయి. అంత తక్కువ వ్యవధిలో ఏది మెరుగవుతుంది, ఏది కాదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

అసలు ఈ విభాగం ఎందుకు పెట్టారో ముందు చూడాలి. డాట్ తొలి దశాబ్దాలలో అభ్యర్థుల చేత సుద్దముక్కను చెక్కించేవారు. ఇచ్చిన కొలతల ప్రకారం సుద్దలో ఒక ఆకారాన్ని మలచవలసి ఉండేది. 1970ల తొలినాళ్ళలో దాన్ని తీసివేసి, తెరమీదో కాగితంమీదో బొమ్మలు చూసి జవాబు చెప్పే ఈ పరీక్షను ప్రవేశపెట్టారు. చెక్కుడు పని మన బీడీఎస్ మొదటి సంవత్సరంలో నేటికీ ఉంది. మైనపు దిమ్మను లీక్రాన్ కార్వర్‌తో గీకి దంతాన్ని తీర్చిదిద్దిన వారికి, నాలుగు వైపుల నుంచి చూసిన రూపాలన్నీ ఒకే వస్తువులో కుదరడం ఎంత కష్టమో బాగా తెలుసు. వృత్తిలో దిగాక కూడా చేయవలసింది ఇదే. పై దవడ వెనుక దంతాన్ని చిన్న అద్దంలో తలకిందులుగా చూస్తూ డ్రిల్లు తిప్పాలి. ఎక్స్‌రేలో చదునుగా కనిపించే వేరు లోపల ఎటు వంగిందో ఊహించాలి. కాబట్టి పరీక్ష ఉద్దేశంలో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే ఉద్దేశం ఒకటి, గంటసేపటి బొమ్మల ప్రశ్నాపత్రం కొలిచేది మరొకటి కావచ్చు. ఆ తేడాయే తక్కువ సమయం ఉన్న విద్యార్థికి అక్కరకు వస్తుంది.

ఆకారాలను మనసులో తిప్పి చూడటంపై జరిగిన పరిశోధనలలో మొదట చెప్పుకోవలసింది 1971 నాటి రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్‌ల ప్రయోగం. చిన్న దిమ్మలు పేర్చి చేసిన రెండు ఆకారాలను పక్కపక్కన చూపి, అవి రెండూ ఒకటేనా అని వారు అడిగారు. రెండింటి మధ్య తిప్పవలసిన కోణం పెరిగేకొద్దీ జవాబుకు పట్టే సమయం కూడా దాదాపు సరళరేఖలో పెరిగింది. మనసులో తిప్పడం చేత్తో తిప్పినట్టే సమయం తినే పని అన్నమాట. 40 సెకన్ల ప్రశ్నలో దీని అర్థం స్పష్టం. ఎక్కువ తిప్పేవాడు ఎక్కువ సమయం పోగొట్టుకుంటాడు. తిప్పకుండానే జవాబు తేలే దారి ఉన్నచోట తిప్పడం వృథా.

ఈ నైపుణ్యం అభ్యాసంతో పెరుగుతుందా అన్నదానికీ సమాధానం ఉంది. 2013లో డేవిడ్ ఉట్టల్ బృందం 217 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, శిక్షణ పొందినవారు సగటున ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) సగానికి దగ్గరగా, 0.47 మేర, మెరుగైనట్టు తేలింది. పుట్టుకతో రావాలన్న వాదానికి ఇది సూటి జవాబు. కానీ దీనికి మరో పార్శ్వం ఉంది. 2002లో వాలరీ సిమ్స్, రిచర్డ్ మేయర్‌లు టెట్రిస్ ఆటలో ఆరితేరినవారిని పరీక్షించగా, ఆ ఆటలోని ముక్కలను, వాటిని పోలిన ఆకారాలను తిప్పడంలో వారు ముందున్నారు. ఇతర ఆకారాల దగ్గరకు వచ్చేసరికి మామూలు వారితో సమానమయ్యారు. 2009లో మేరీ హెగర్టీ బృందం దంతవైద్య విద్యార్థులపైనే చేసిన అధ్యయనంలోనూ ఇదే ధోరణి కనిపించింది. చదువు సాగేకొద్దీ దంతాన్ని అడ్డంగా కోస్తే లోపలి రూపం ఎలా ఉంటుందో ఊహించడంలో వారు మెరుగయ్యారు తప్ప, ఆకారాలను ఊహించే సామాన్య శక్తి అంతటా పెరిగినట్టు కనబడలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. మూడు వారాల్లో మెదడు మారదు. మారేది ఆ ఆరు రకాల ప్రశ్నలతో పరిచయం. పజిళ్ళ యాప్‌లు, రూబిక్ క్యూబులు, వీడియో గేములు ఏడాది ముందు మొదలుపెడితే మేలు చేస్తాయేమో గానీ, 20 రోజుల ముందు వాటిమీద పెట్టే ప్రతి గంటా అసలు ప్రశ్నలమీద నుంచి తీసిన గంటే. పైగా ఆ ఆరు రకాలలో ప్రతిదానికీ ఊహాశక్తి సమానంగా అక్కర లేదు. కొన్నిటిలో ఊహ స్థానంలో లెక్కను కూర్చోబెట్టవచ్చు. తక్కువ వ్యవధిలో మార్కులు పెరిగేది ప్రధానంగా అక్కడే.

అందుకు మేలైన ఉదాహరణ క్యూబ్ కౌంటింగ్. ఒకే పరిమాణం గల ఘనాలను పేర్చి అతికించిన బొమ్మ ఇస్తారు. నేలకు ఆనిన అడుగుభాగం తప్ప, బయటికి ఉన్న ముఖాలన్నిటికీ రంగు వేశారనుకోవాలి. ‘రెండు ముఖాలకు రంగున్న ఘనాలు ఎన్ని?’ వంటి ప్రశ్నలు ఒకే బొమ్మమీద వరుసగా వస్తాయి. కనబడని ఘనాలు ఉన్నా, పైవాటిని మోయడానికి అవసరమైనవి మాత్రమే ఉన్నట్టు లెక్క. నేలమీద రెండేసి చొప్పున రెండు వరుసల్లో నాలుగు ఘనాలు పెట్టి, ఒక మూల ఘనంపై ఐదోది నిలబెట్టామనుకుందాం. పైనున్న దానికి అడుగు తప్ప ఐదు ముఖాలకూ రంగు. దాని కింద ఉన్న దానికి పైముఖం మూసుకుపోయింది, రెండు పక్కలు పొరుగు ఘనాలకు అతుక్కున్నాయి, కాబట్టి రెండు. మిగిలిన మూడింటికీ పైముఖం, రెండు బయటి పక్కలు, అంటే మూడేసి.

ఒక్కో ప్రశ్నకూ మళ్ళీ బొమ్మ చూసి వెతుక్కునే విద్యార్థి ఇక్కడే నష్టపోతాడు. చేయవలసింది బొమ్మ రాగానే సున్నా నుంచి ఐదు దాకా అంకెలు నిలువుగా వేసుకుని, ప్రతి ఘనానికీ ఒక గీత గీసి, ముందు మొత్తం పట్టిక పూర్తిచేయడం. తర్వాత ఆ బొమ్మకు సంబంధించిన ప్రశ్నలన్నీ పట్టిక చూసి రాసేయడమే. గీతల మొత్తం ఘనాల మొత్తంతో సరిపోవాలి. ఇంకొక సరిచూపు కూడా ఉంది, దీన్ని చాలామంది వాడరు. లోపలికి నొక్కుకుపోయిన గుంటలు లేని బొమ్మ అయితే, రంగున్న ముఖాల మొత్తం పైనుంచి కనిపించే గడులు, నాలుగు పక్కల నుంచి కనిపించే గడులు కలిపితే వచ్చేదానికి సమానం. పై ఉదాహరణలో పైనుంచి 4, ఒక్కో పక్క నుంచి 3 చొప్పున 12, మొత్తం 16. పట్టిక ప్రకారం 5, 2, మూడు మూళ్ళు తొమ్మిది, అదీ 16. పరీక్షలో ప్రతిసారీ ఇలా సరిచూసేంత తీరిక ఉండదు గానీ, సాధన మొదటి వారంలో ఇది తప్పు ఎక్కడ జరుగుతోందో వెంటనే చూపిస్తుంది. ఈ రకంలో ఊహ అవసరం చాలా తక్కువ. ఇందులో మార్కులు పోతుంటే దాన్ని ప్రతిభ లోపం అనుకోనక్కరలేదు. పద్ధతి లేకపోవడమే కారణం.

హోల్ పంచింగ్‌దీ ఇదే కథ. చదరపు కాగితాన్ని ఒకటి నుంచి మూడుసార్లు మడిచి, చివర రంధ్రం వేస్తారు. విప్పితే రంధ్రాలు ఎక్కడ ఉంటాయో చెప్పాలి. విప్పడాన్ని కళ్ళ ముందు సినిమాలా ఊహించుకోవాలని చూసేవారు మూడో మడత దగ్గర తడబడతారు. కాగితంపై రంధ్రం పడగల చోట్లు నాలుగు వరుసలు, వరుసకు నాలుగు, మొత్తం 16 చుక్కలు అనుకుంటే పని తేలికవుతుంది. చుక్కల ముగ్గు వేసిన చేతికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మడత గీత అద్దం లాంటిది. గీతకు ఇటు ఎంత దూరంలో చుక్క ఉందో అటూ అంతే దూరంలో మరొకటి పెట్టాలి. చివరి మడత నుంచి మొదటి మడతకు వెనక్కి రావాలి.

కుడి సగాన్ని ఎడమ సగంపైకి, తర్వాత పై సగాన్ని కిందికి మడిచి, అడుగు ఎడమ మూల చుక్క దగ్గర రంధ్రం వేశారనుకుందాం. చివరి మడత విప్పగానే పై ఎడమ మూలలో రెండో రంధ్రం, మొదటి మడత విప్పగానే కుడివైపు రెండు మూలల్లోనూ మరో రెండు. నాలుగు మూలలూ పూర్తి. అదే రంధ్రం మడతలు కలిసే లోపలి మూలలో వేసి ఉంటే నాలుగూ మధ్యలో చేరేవి. మార్కులు పోయేది మాత్రం ఇంత చక్కటి మడతల్లో కాదు. కాగితంలో కొంత భాగమే మడిచినప్పుడు, రంధ్రం ఎన్ని పొరల గుండా పోయిందో చూడకపోవడం వల్ల పోతాయి. పై వరుసను మాత్రమే రెండో వరుసపైకి మడిచి మూడో వరుసలో రంధ్రం వేస్తే, అక్కడ ఉన్నది ఒకే పొర, కాబట్టి రంధ్రం ఒకటే. అద్దం గీతకు అవతల చుక్క పెట్టే ముందు ‘ఇక్కడ పొర ఉందా?’ అని అడిగే అలవాటు వారం రోజుల్లో వస్తుంది. వంటింటి బల్లమీద పాత కాగితాలు మడిచి పెన్సిలుతో పొడిచి చూసుకోవడం మొదటి రెండు రోజులకు చాలు. ఆ తర్వాత కాగితం వదిలేసి చుక్కలకే అలవాటు పడాలి.

ఈ రెండు రకాలు కలిపి 30 ప్రశ్నలు, విభాగంలో మూడో వంతు. తొలి వారం వీటికే ఇచ్చి, ప్రశ్నకు 40 సెకన్ల కంటే బాగా తక్కువలో తేల్చగలిగితే, మిగిలిన సమయం కష్టమైన రకాలకు బదిలీ అవుతుంది.

విద్యార్థులు టీఎఫ్‌ఈ అని పిలిచే మూడోదానిలో, ఒక వస్తువును పైనుంచి, ముందు నుంచి, పక్క నుంచి చూసిన మూడు బొమ్మల్లో రెండు ఇచ్చి మూడోది ఎంచుకోమంటారు. లోపల దాగిన అంచులు చుక్కల గీతలుగా ఉంటాయి. ఇంజనీరింగ్ డ్రాయింగ్ తెలిసిన అన్నో మేనమామో ఇంట్లో ఉంటే ఒక సాయంత్రం కూర్చోబెట్టుకోవచ్చు. ఇక్కడ కూడా వస్తువు మొత్తాన్ని ఊహించడం కంటే గీతలు లెక్కపెట్టడం మేలు. ముందు బొమ్మ ఎత్తు, పక్క బొమ్మ ఎత్తు ఒకటే. ముందు బొమ్మ వెడల్పు, పై బొమ్మ వెడల్పు ఒకటే. పై బొమ్మలో కింది నుంచి పైకి ఉన్న లోతు, పక్క బొమ్మలో ఎడమ నుంచి కుడికి వస్తుంది. ఈ చివరి సంబంధంలోనే తప్పులు ఎక్కువ. కుడి పక్క నుంచి చూస్తున్నాం కాబట్టి వస్తువు ముందుభాగం ఎడమకు రావాలి. అది తిరగేసిన జవాబు ఎంపికల్లో తరచు సిద్ధంగా కూర్చుని ఉంటుంది.

ప్రశ్నాపత్రంలో అన్నిటికంటే ముందు వచ్చి, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది కీహోల్. ఒక వింత ఆకారపు వస్తువు, పక్కన ఐదు రంధ్రాలు. వస్తువు ఏ రంధ్రంలోంచి కచ్చితంగా దూరిపోతుందో చెప్పాలి. దూర్చే ముందు ఎలాగైనా తిప్పుకోవచ్చు, దూరడం మొదలయ్యాక తిప్పకూడదు. ఇస్త్రీపెట్టెను తీసుకుంటే సంగతి తేలిగ్గా బోధపడుతుంది. పైనుంచి చూస్తే దాని అంచు పడవ ముక్కులా ఉంటుంది. పిడి ఆ అంచు లోపలే కలిసిపోయి లెక్కలోకి రాదు. పక్క నుంచి చూస్తే చదునైన అడుగు, పైన పిడి వంపు. పిడి కింద ఖాళీ గోడమీది నీడలో కనిపిస్తుంది గానీ, రంధ్రం అంచులో కనిపించదు, ఎందుకంటే రంధ్రం మధ్యలో దేనికీ అతుక్కోని ముక్క గాల్లో నిలబడలేదు. వెలుపలి అంచు ఒక్కటే లెక్క. కాబట్టి జవాబులను చూడకముందే మూడు వైపుల వెలుపలి అంచులు మనసులో గీసుకుని, ఆ తర్వాతే ఐదు ఎంపికల దగ్గరకు వెళ్ళాలి. ముందే ఎంపికలు చూసినవారు ఒక్కో రంధ్రానికీ వస్తువును మళ్ళీ మళ్ళీ తిప్పుతూ కూర్చుంటారు, షెపర్డ్ ప్రయోగం చెప్పిన మూల్యం ఐదుసార్లు చెల్లిస్తారు. ఇంకొక తేడా గుర్తుంచుకోదగింది: టీఎఫ్‌ఈలో తిరగబడిన బొమ్మ తప్పు, కీహోల్‌లో కాదు, వస్తువును వెనుక నుంచి దూరిస్తే అంచు తిరగబడే ఉంటుంది. ఆకారం సరిపోయినా కొలత చిన్నదైన రంధ్రం మాత్రం కచ్చితంగా ఉచ్చే.

ప్యాటర్న్ ఫోల్డింగ్‌లో విప్పిన అట్టను మడిస్తే ఏ పెట్టె తయారవుతుందో చెప్పాలి. టూత్‌పేస్టు అట్టపెట్టెను అతుకుల దగ్గర విప్పి, ముఖాలమీద గుర్తులు వేసి రెండు మూడుసార్లు మడిచి చూస్తే సూత్రం పట్టుబడుతుంది. వరుసగా ఉన్న గడుల్లో ఒకదాన్ని విడిచి ఆవల ఉన్నది ఎదురు ముఖం. ఎదురెదురు ముఖాలు రెండూ ఒకేసారి కనిపించే ఎంపిక ఏదైనా తప్పే. మిగతావాటిలో అన్నిటికంటే భిన్నంగా ఉన్న ఒక ముఖాన్ని పట్టుకుని దాని పొరుగులను సరిచూడాలి.

యాంగిల్ ర్యాంకింగ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నాలుగు కోణాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుస పెట్టాలి. తేడా కొన్ని డిగ్రీలు మాత్రమే. భుజాలు పొడవుగా ఉన్న కోణం పెద్దదిగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి, చూపును శీర్షం దగ్గరే నిలపాలి. అతి చిన్నది, అతి పెద్దది తేల్చుకుంటే ఎంపికల్లో సగం చాలాసార్లు కొట్టుకుపోతాయి. ఇక్కడ కొంతదూరం తర్వాత సాధన ఫలం ఇవ్వదు. గంటల తరబడి కోణాలు చూస్తే కన్ను పదునెక్కకపోగా అలసిపోతుంది. రోజుకు 15 కోణాలు చాలు.

సాధన ఎంతసేపు అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. పరీక్షలో ముందుగా 90 నిమిషాల్లో 100 సైన్సు ప్రశ్నలు వస్తాయి. వెంటనే పాట్ మొదలవుతుంది. విరామం దాని తర్వాతే. తెల్లవారుజామున, తాజా బుర్రతో, కాఫీ పక్కన పెట్టుకుని చేసిన నమూనా పరీక్ష మార్కులు అందుకే ఆశపెట్టి దెబ్బతీస్తాయి. కనీసం వారానికి రెండుసార్లు, గంటన్నర రసాయనశాస్త్రం చేసి లేచిన క్షణమే ఈ విభాగం మొదలుపెట్టాలి. మిగిలిన రోజుల్లో ఒకేసారి మూడు గంటలు కూర్చోవడం కంటే ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మేలు. పరీక్షా కేంద్రంలో కాగితం దొరకదు, మార్కర్‌తో రాసే పలకల్లాంటివి ఇస్తారు. పట్టికలు, చుక్కలు వేయడం మార్కర్‌తోనే అలవాటు చేసుకోవాలి.

తప్పుల పుస్తకం ఒకటి ఉండాలి, కానీ అందులో ‘హోల్ పంచింగ్ తప్పు’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘మూడో మడతలో పొర లేనిచోట రంధ్రం పెట్టాను’ అని రాయాలి. పది రోజుల్లో ఆ పుస్తకం తిరగేస్తే తప్పులు 60 రకాలు ఉండవు, ఆరేడు ఉంటాయి.

ఎంత సమయం ఇవ్వాలన్నదానిలో ఒక పట్టింపు మంచిది. పాట్ మార్కు విడిగా చూపిస్తారు. అకడమిక్ యావరేజ్‌లో, అంటే మిగతా విభాగాల సగటులో, కలపరు. 2025 మార్చి నుంచి పాత 1 నుంచి 30 కొలమానం పోయి 200 నుంచి 600 కొలమానం వచ్చినా ఈ ఏర్పాటు అలాగే ఉంది. కళాశాలలు రెండింటినీ చూస్తాయి, నిజమే. అయినా బొమ్మలమీద మోజులో ఆర్గానిక్ కెమిస్ట్రీ వదిలేసేవారు ఒక మార్కు కోసం మరోదాన్ని పణంగా పెడుతున్నట్టే. ఇండియాలో బీడీఎస్ పూర్తిచేసి అమెరికా వచ్చినవారికి సాధారణంగా ఈ పరీక్షతో పనే ఉండదు. వారి దారి ఐఎన్‌బీడీఈ అనే లైసెన్సు పరీక్ష, విదేశీ దంతవైద్యుల ప్రవేశానికి ఉన్న క్యాపిడ్ ఉమ్మడి దరఖాస్తు, చాలా కళాశాలల్లో చేత్తో చేసి చూపించే బెంచ్ టెస్ట్. తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండు దారుల సలహాలు కలిసిపోయి తిరుగుతుంటాయి కాబట్టి ఇది చెప్పవలసి వచ్చింది.

చివరగా పరీక్ష రోజు వరుస. ప్రశ్నలు కీహోల్‌తో మొదలైనా, వాటితోనే మొదలుపెట్టాలన్న నిర్బంధం లేదు. విభాగం లోపల ముందుకూ వెనక్కూ వెళ్ళవచ్చు, గుర్తు పెట్టుకుని తిరిగి రావచ్చు. అలసిన బుర్రతో మొదటి 15 నిమిషాలు కీహోల్‌లకే పోతే, లెక్కతో తేలిపోయే క్యూబులు చివర్లో హడావిడిలో పడిపోతాయి. కన్ను తాజాగా ఉండగానే కోణాలు, ఆ వెంటనే రంధ్రాలు, క్యూబులు, తర్వాత ప్యాటర్న్ ఫోల్డింగ్, టీఎఫ్‌ఈ, ఆఖరున కీహోల్: చాలామందికి ఈ వరుస పనిచేస్తుంది. తనకు ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి రెండు మూడు పూర్తి నమూనా పరీక్షలు పడుతుంది. అవి రెండో వారం చివరికే అయిపోవాలి, ఎందుకంటే మూడో వారంలో వరుస మార్చేవారికి ఆ కొత్త వరుసకు అలవాటు పడే రోజులు మిగలవు.